రెండూ ఎడమ చేతులే

మా మాస్టరు కత్తెర చేతిలోకి తీసుకున్నాడంటే షాపులో ఎవరూ నోరు మెదపకూడదు. దగ్గు వస్తే బయటికి వెళ్లి దగ్గి రావాల్సిందే. ఇది ఆయన పెట్టిన నియమం. గుడ్డ మీద ఒకసారి కత్తెర పడ్డాక ఆ కోతను ఎవరూ వెనక్కి తీసుకోలేరు కాబట్టి ఆ నియమంలో తప్పుపట్టడానికేమీ లేదు. నేను ముప్పై నాలుగేళ్లుగా ఆ షాపులో కాజాలు కుడుతున్నాను. ఇన్నేళ్లలో కత్తెర ఆడుతుండగా మాట్లాడింది ఒక్కసారే, అదీ పైకప్పు పెచ్చు ఊడి ఆయన నెత్తిన పడబోతుంటే. అప్పుడు కూడా ఆయన కోత పూర్తిచేసే పక్కకు జరిగాడు.

ఆయనకు డెబ్బై ఒకటి. నాకు డెబ్బై నాలుగు. వయసులో పెద్దదాన్నని నన్ను అక్కా అంటాడు. పనిలో పెద్దవాడని నేను మాస్టరూ అంటాను.

షాపు పెద్దదేమీ కాదు. తాళాలు బాగుచేసే అతని కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుకుగా ఉన్న గది. గుమ్మం పక్కనే నడుమెత్తు కోతబల్ల, దాని పక్క గోడకు మాస్టరు కత్తెర తగిలించే మేకు. ఆయన పొట్ట ఆనించి నిలబడే చోట బల్ల అంచు అరిగి గుంటపడింది. వెనక రెండు కుట్టుమిషన్లు, కిటికీ కింద నా ముక్కాలిపీట, దాని పక్కన కోత మిగులు ముక్కల సంచి. మేడ మీద ఇల్లు. కొడుకు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, వారానికి రెండు రోజులు కనిపిస్తే గొప్ప. షాపు నడిపేదీ, మిషను కుట్టేదీ, ఇల్లు చూసేదీ కోడలే. ఆమె ముక్కుసూటి మనిషి. నేనూ అంతే కాబట్టి మా ఇద్దరికీ పొత్తు కుదరడానికి కొన్నేళ్లు పట్టింది.

మాస్టరు కొలతలు రాసుకోడు. టేపు మెడలో వేసుకుంటాడు గానీ అది దండ లాంటిదే. మనిషి గుమ్మంలో నిలబడగానే కళ్లతో కొలిచేస్తాడు. మూడేళ్ల తర్వాత వచ్చినవాణ్ణి చూసి "నడుం రెండంగుళాలు పెంచావు, భుజం మాత్రం అలాగే ఉంది" అని చెప్పేవాడు. పక్క వీధిలో దర్జీ పుస్తకంలో కొలతలు రాసుకుంటాడని తెలిసి నాలుగు రోజులు నవ్వాడు. ఆ నవ్వు నేనూ నవ్వాను. నాలుగో తరగతితో చదువు ఆపేసినదాన్ని, పుస్తకం అక్కర్లేని మనిషంటే నాకు గురి.

భార్య ఆరేళ్ల కిందట పోయింది. ఆవిడ మధ్యాహ్నం అన్నం కిందికి తెచ్చి, ఆయన తినేంతసేపూ పక్కన నిలబడి పోట్లాడేది. ఉప్పు దగ్గర మొదలై ఎక్కడికో పోయేది ఆ పోట్లాట. ఆవిడ పోయాక ఆయన తినడం పది నిమిషాల్లో అయిపోయేది. సాయంత్రం మార్కెట్టు దాకా నడక కూడా ఆవిడతోనే పోయింది. మేడ దిగడం, మేడ ఎక్కడం, అంతే. మాట అవసరం ఉంటేనే. ఇవన్నీ నేను చూశాను. చూసి, వయసు మీద పడిందిలే అనుకున్నాను.

మొదటి పొరపాటు నా చేతికే వచ్చింది. మగవాళ్ల కోటుకు కాజాల గుర్తులు ఆడవాళ్లకు పెట్టే వైపు పెట్టాడు. గీత చెరిపి సరైన వైపు కుట్టేశాను. తర్వాత ఒక చొక్కాకు జేబు గుర్తు రెండంగుళాలు పైన పడింది. అదీ సర్దాను. కోసిన ముక్కలు లెక్కచూసి, పీలికతో మూటకట్టి మిషను మీదికి అందించే పని కూడా నాదే. మూటలో ఏం తేడా ఉన్నా ముందు నా కంటికే కనిపిస్తుంది. ఆయన కోయడం మరిచిన కాలరు పట్టీని మిగులు ముక్కల సంచిలోని గుడ్డతో కోసి చేర్చిన రోజులున్నాయి. రెండేళ్లు ఇలా గడిచాయి. ఆయనతో అనలేదు, కోడలితో అనలేదు. సాయం చేస్తున్నాననుకున్నాను.

ఒక మంగళవారం నాకు పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. ఒక్క పూట షాపుకు వెళ్లలేదు. ఆ పూటే రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఆయన కోటు కోతకు వచ్చింది. ఉద్యోగం విరమించే రోజున వేసుకోవడానికి గుడ్డ తనే తెచ్చుకున్నాడు, అదీ చాలీచాలకుండా. గుడ్డ సరిపడా ఉంటే మడతపెట్టి రెండు పొరలూ ఒకేసారి కోస్తారు. కోటు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి వాటంతటవే వస్తాయి. గుడ్డ తక్కువైతే ఒంటి పొర మీద ఒక్కో చెయ్యీ విడిగా కోయాలి. మొదటిది కోశాక, చుట్టూ గీసుకోవడానికి పెట్టే చేతి ఆకారపు అట్టను బోర్లా తిప్పి రెండోది గీయాలి. తిప్పకపోతే రెండూ ఒకే చేతివి వస్తాయి.

దవడ వాచిన మొహంతో సాయంత్రం నేను గుమ్మం ఎక్కేసరికి కోడలు మిషను ముందు నిలబడి ఉంది. ఆమె చేతిలో రెండు నల్ల ముక్కలు.

"పెద్దమ్మా, ఇవి చూడండి."

చూశాను. దూదితో నోరు నిండి ఉంది కాబట్టి మాట్లాడాల్సిన పని తప్పింది.

"రెండూ ఎడమ చేతులే" అంది.

మాస్టరు బల్ల దగ్గరినుంచి తలెత్తలేదు. "ఎక్కడో కలిసిపోయుంటుంది. ఆ సంచిలో వెతుకు, కుడిది దొరుకుతుంది."

"సంచిలో మూడో చెయ్యి ఎందుకుంటుంది మామయ్యా? ఆయనకేమన్నా మూడు చేతులున్నాయా?"

"అయితే గుడ్డలోనే ఏదో ఉంది."

"గుడ్డలో ఏముంటుంది? అట్ట తిప్పలేదు మీరు."

ఆయన అట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

అలాంటి గుడ్డ కోసం కోడలు మూడు బజార్లు తిరిగి, దొరక్క, చివరికి టికెట్ల ఆయన ఇంటికి వెళ్లి నిలబడి మాటపడి వచ్చింది. వచ్చాక బల్ల మీది కత్తెర తీసి తన మిషను పైన మేకుకు తగిలించింది. నల్లటి పాత కత్తెర అది, పిడికి గుడ్డ పీలికలు చుట్టి ఉంటాయి. ఆయనకు పని నేర్పినాయన ఇచ్చింది. నలభై ఏడేళ్లలో అది ఇంకొకరి మేకు ఎక్కడం అదే మొదలు.

"ఇకనుంచి కోత నేను చూసుకుంటాను మామయ్యా. మీరు కూర్చోండి."

ఆయన మేడెక్కాడు. మూడు రోజులు దిగలేదు.

నాలుగో రోజు కోడలు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపోటు ఎక్కువగా ఉందని మాత్రలు రాశాడట. జ్ఞాపకం కాస్త జారుతోంది, జబ్బని ఇప్పుడే చెప్పలేం, గమనిస్తూ ఉండాలి అన్నాడట. ఆరోగ్య కేంద్రం వెనక హాల్లో పెద్దవాళ్లకు ఒక కార్యక్రమం నడుస్తోంది, నడక, తిండి, వ్యాయామం, నలుగురితో కలవడం, బుర్రకు పని, అందులో చేర్చమన్నాడట. కోడలు వచ్చి మాస్టరు ముందు ఒప్పందం పెట్టింది. ఆరునెలలు నాగా లేకుండా వెళ్లాలి. ఆఖరున ఒక కోటు తనే కోయాలి. సరిగ్గా కోస్తే కత్తెర ఆయన మేకుకు వెళ్తుంది. లేకపోతే ఆమె మేకు మీదే ఉండిపోతుంది.

"అక్క వస్తే వెళ్తా" అన్నాడు.

"నాకేం మాయరోగం? నా బుర్ర నిక్షేపంలా ఉంది" అన్నాను.

"అయితే నేనూ వెళ్లను."

వెళ్లాను.

హాలునిండా నీలం ప్లాస్టిక్ కుర్చీలు. ఇరవైమందికి పైగా ముసలివాళ్లం. ఎవరికి వాళ్లు పక్కవాళ్లకు తోడుగా వచ్చామనే చెప్పుకున్నారు. నడిపేది ఒక నర్సమ్మ, ముప్పై ఏళ్లుంటాయేమో. మొదటి రోజే తేల్చి చెప్పింది.

"ఇవన్నీ చేస్తే మతిమరుపు రాదని నేను రాసివ్వనండీ. అలా ఎవరూ రాసివ్వలేరు. వచ్చే అవకాశం తగ్గించుకోడానికి మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మన చేతిలో ఉన్నవైనా చేద్దాం."

ఆ మాటతో ఆమె మీద నాకు కాస్త నమ్మకం కలిగింది. తర్వాత ఒక్కొక్కరికీ పది మాటలు చదివి వినిపించి, పావుగంట పోయాక తిరిగి చెప్పమంది. మాస్టరు మూడు చెప్పాడు. నాలుగోదాని కోసం పైకప్పు చూశాడు, నేల చూశాడు, చివరికి నర్సమ్మను చూశాడు.

"అమ్మా, నీ భుజం పద్నాలుగున్నర. ఈ తెల్లకోటు పదహారుకు కుట్టారు. అందుకే జారుతోంది."

నర్సమ్మ భుజం సర్దుకుంది. "నిజమే మాస్టరుగారూ. కానీ ఆ ప్రశ్న ఇందులో లేదండీ" అని మూడే వేసింది. నేను ఏడు చెప్పాను. ఎవరూ అడక్కపోయినా ఇంటికెళ్లేలోగా ఆ సంగతి రెండుసార్లు చెప్పాను.

వారం తర్వాత ఇంటివాళ్లను కూడా పిలిచి ఒక కాగితం నింపింది. కోడలు, నేను, మధ్యలో మాస్టరు.

"ఈ పొరపాట్లు ఎప్పట్నుంచి గమనిస్తున్నారు?" అని అడిగింది.

"మొన్న కోటు దగ్గరే మొదలు" అంది కోడలు.

నర్సమ్మ నా వైపు తిరిగింది. "మీరు పక్కనే పనిచేస్తారు కదా. మీరెప్పట్నుంచి?"

అబద్ధం ఆడొచ్చు, ఆడటం నాకు చేతకానిదేమీ కాదు. కానీ ఆ పిల్ల కలం కాగితం మీద ఆనించి అలాగే ఉంది, తొందర లేకుండా.

"రెండేళ్లు" అన్నాను.

కోడలు కుర్చీలోంచి లేచింది. "రెండేళ్లా? రెండేళ్లుగా మీకు తెలుసా పెద్దమ్మా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కత్తెర లాక్కునేదానివి."

"రెండేళ్ల ముందే ఆ మాత్రలు మొదలుపెట్టేవాళ్లం!"

మాస్టరు మమ్మల్నిద్దర్నీ చూడలేదు. అడిగింది ఒక్కటే. "ఏమేం సర్దావు?"

చెప్పాను. కాజాలు, జేబు, కాలరు పట్టీలు. గుర్తున్నవన్నీ.

ఆయన పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మందుల షాపు నుంచి నీళ్ల ట్యాంకు దాకా వెళ్లిరావడం మా నడక, వారానికి ఐదు రోజులు. ఆ పదకొండు రోజులూ ఆయన నాకు పదడుగుల ముందు నడిచాడు. నన్ను వదిలించుకోవాలని వేగంగా నడిచేవాడు, ఆయన తప్పిపోకూడదని నేనూ వేగంగా నడిచేదాన్ని. మా ఇద్దరి నడకా బాగా మెరుగైందని నర్సమ్మ మెచ్చుకుంది.

పన్నెండో రోజు ట్యాంకు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఆ కాలరు పట్టీ. గళ్ల చొక్కాదేనా?"

"ఆ."

"గళ్లు కలిపావా?"

"కలపకుండా కుడతానా?"

"ఊఁ" అన్నాడు. తర్వాత పక్కన నడిచాడు.

ఇంటికి ఒక కార్డు ఇచ్చారు. నడిచామా, కూరగాయలు తిన్నామా, ఉప్పు తగ్గించామా, బాగా నిద్రపోయామా, ఇంటి బయటి మనిషితో మాట్లాడామా, రోజూ ఐదు గళ్లలో టిక్కు పెట్టాలి. నేను ఆదివారం కూర్చుని వారానికంతా ఒకేసారి పెట్టేసేదాన్ని. ఒకసారి ఊపులో సోమవారానికి కూడా పెట్టేశాను. నర్సమ్మ కార్డు చూసి "రేపు కూడా బాగా నిద్రపోయారన్నమాట" అంది. మాస్టరు చాలా రోజులకు నవ్వాడు. ఆయన కార్డులో ఖాళీలు ఖాళీలుగానే ఉండేవి. ఉప్పు గడిలో ఎక్కువ ఖాళీలు.

వ్యాయామంలో మాత్రం ఆయనకు చుక్కలు కనిపించాయి. ఎడమ కాలు ముందుకు, కుడి చెయ్యి పైకి, మూడోసారి చప్పట్లు కొట్టగానే తిరగడం. కొత్త పని నేర్చుకోవడం కూడా బుర్రకు మంచిదట. మాస్టరు పక్కన ఒక రిటైరైన లెక్కల టీచరు ఉండేది. పది మాటలకు తొమ్మిది చెప్పిన మనిషి. ఈయన తప్పు వైపు తిరిగి ప్రతిసారీ ఆవిణ్ణి ఢీకొట్టేవాడు.

"అటు కాదండీ, ఎడమ! ఎడమ!" అని అరిచేది.

"మీ ఎడమా, నా ఎడమా?"

"ఇద్దరిదీ ఒకటేనండీ మహానుభావా, ఇద్దరం ఒకే వైపు నిలబడ్డాం!"

మర్నాడు ఆయన జేబులోంచి సుద్దబిళ్ళ తీశాడు. గుడ్డ మీద గీసే బిళ్ళే. కుర్చీలో కూర్చుని ఎడమ బూటు మీద 'ఎ' అనీ, కుడి బూటు మీద 'కు' అనీ రాసుకున్నాడు. హాలంతా నవ్వింది. జీవితంలో ఏదీ రాసుకోని మనిషి బూట్ల మీద రాసుకోవడం చూసి నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు ఆయన లెక్కల టీచరును ఒక్కసారే ఢీకొట్టాడు. పది రోజుల్లో హాల్లో సగంమంది బూట్ల మీద అక్షరాలున్నాయి. టీచరమ్మ కూడా రాయించుకుంది, చేతిరాత బాగాలేదని రెండోసారి రాయించుకుంది.

ఆరునెలలు నిండాయి. పరీక్షరోజు పొద్దున వ్యాయామం ముగించుకుని హాలు నుంచి నేరుగా షాపుకే వచ్చాం. కోడలు బూడిదరంగు కోటుగుడ్డ బల్ల మీద పరిచి ఉంచింది. చూడగానే తెలిసింది, కావాలనే తక్కువ తెచ్చింది. చేతులు ఒంటి పొర మీద కోయక తప్పదు.

"పెద్దమ్మా, మీరు కిటికీ దగ్గరే. ఇవాళ మూట నేను కడతాను. సైగ చేసినా ఊరుకోను."

"నాకు సైగలెందుకు?" అన్నాను. సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాను.

ఆమె మేకు మీంచి కత్తెర తీసి ఇచ్చింది. ఆయన పిడి పీలిక సర్దుకుని పని మొదలుపెట్టాడు. వీపు, ముందు భాగాలు, కాలరు, జేబు మూతలు. వంక పెట్టడానికి లేదు. తర్వాత చేతి అట్ట పెట్టి గీసి, మొదటి చెయ్యి కోశాడు. ఎడమది. అట్టను ఎత్తి పక్కనున్న గుడ్డ మీదికి జరిపాడు. జరిపాడంతే, తిప్పలేదు. చుట్టూ గీశాడు. కత్తెర తీసుకున్నాడు.

కత్తెర ఆయన చేతిలో ఉంది. నియమం నాకు తెలుసు. మాట్లాడితే రెండేళ్లు చేసిన పనే మళ్లీ చేసినట్టు. మాట్లాడకపోతే ఆ కత్తెర ఇక కోడలి మేకుదే. దారం కొస నా పళ్ల మధ్య ఉంది. కొరికిపెట్టుకుని కూర్చున్నాను. కోడలు గుడ్డను చూడటం లేదు, నన్ను చూస్తోంది.

కత్తెర కింది అలుగు గుడ్డ కిందికి వెళ్లింది. అక్కడ ఆగింది. కొంతసేపు అలాగే ఉంది. తర్వాత ఆయన కత్తెర వెనక్కి తీసి బల్ల మీద పెట్టాడు. ఒంగి తన బూట్లు చూసుకున్నాడు. పొద్దుటి అక్షరాలు ఇంకా ఉన్నాయి. కోసిన చెయ్యిని ఎత్తి తన ఎడమ భుజానికి ఆనించుకున్నాడు. మళ్లీ బూటు చూశాడు. అట్ట తీసుకుని బోర్లా తిప్పాడు. అరచేత్తో పాత గీత దులిపేసి కొత్తది గీశాడు.

కోతకు ముందు తలెత్తి పిలిచాడు. "అక్కా, ఇలా రా. ఇప్పుడు సరిగ్గా ఉందా చూడు."

కోడలు అడ్డొచ్చింది. "అడక్కూడదు మామయ్యా. ఒంటరిగా కోయాలని కదా అనుకున్నాం."

"ఎవర్నీ అడక్కుండా కోశాననే కదమ్మా నువ్వు కత్తెర పట్టుకెళ్లావు."

నేను లేచివెళ్లి చూశాను. కుడి చెయ్యి. "సరిగ్గా ఉంది" అన్నాను. ఆయన కోశాడు.

కోయడం అయ్యాక పిడి కోడలి వైపు ఉండేలా కత్తెర చాపాడు. ఆమె ముక్కలన్నీ రెండుసార్లు తిరగేసి చూసింది. తర్వాత వెళ్లి కత్తెరను కోతబల్ల పక్కనున్న పాత మేకుకు తగిలించింది.

"పొద్దుటి పూట మాత్రమే. ఒంటి పొర గుడ్డయితే కోసేముందు ఎవర్నైనా పిలవాలి."

"ఎవర్ని?"

"నన్నో, పెద్దమ్మనో."

"పెద్దమ్మయితే తప్పు చెప్పదు, దాచిపెడుతుంది" అన్నాడు. నా మొహం మీదే అన్నాడు. పడాల్సిన మాటే కాబట్టి పడ్డాను.

ఆ నెలాఖరున నర్సమ్మ మళ్లీ పది మాటలు చదివింది. మాస్టరు నాలుగు చెప్పాడు. ఒకటి పెరిగిందని మురిసిపోవద్దు, ఆ ఒక్కటి ఏ రోజుకా రోజు మారొచ్చు, రక్తపోటు దారికి రావడం మాత్రం ఖాయంగా మంచిదే అంది. నేను ఆరు చెప్పాను. పంటినొప్పిగా ఉందన్నాను. ఆ పన్ను పోయి అప్పటికి ఏడు నెలలు. నర్సమ్మ కార్డు మీద ఆరు వేసి, నాకూ రక్తపోటు చూసి, డాక్టరు దగ్గరికి కాగితం రాసింది.

కార్యక్రమం ఇంకా నడుస్తోంది. మేమూ వెళ్తున్నాం. ఇప్పుడు నాక్కూడా ఒక మాత్ర ఉంది.

పోయిన గురువారం ఒంటి పొర మీద కోయాల్సిన చొక్కా ఒకటి వచ్చింది. మాస్టరు రెండో చెయ్యి గీసి, కత్తెర కింద పెట్టి, నియమం ప్రకారం నన్ను పిలిచాడు. లేచివచ్చి చూశాను. అట్ట చూశాను, గీత చూశాను.

"సరిగ్గా ఉంది. కోసెయ్" అన్నాను.

ఆయన కత్తెర ఎత్తాడు. ఇస్త్రీపెట్టె పట్టుకుని అటుగా వెళ్తున్న కోడలు ఆగింది. "ఆగండి మామయ్యా. అది కూడా ఎడమదే."

మాస్టరు గుడ్డ చూశాడు. నేనూ చూశాను. ఎడమదే. కోడలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. ఇస్త్రీపెట్టె పట్టుకుని వెళ్లిపోయింది.

ఆయన గీత దులిపి, అట్టను చేతిలోకి తీసుకుని, సుద్దబిళ్ళతో ఒక వైపు 'ఎ' అని రాశాడు. తిప్పి రెండో వైపు 'కు' అని రాశాడు. నా కళ్లకు ఆనేటంత పెద్దగా రాశాడు.

"నీకు ఇవెందుకు? బూట్లున్నాయిగా" అన్నాను.

"నాకున్నాయి" అన్నాడు. "ఇది నీకు."

అట్ట నా ముందు పెట్టాడు. నేను చదివాను. తిప్పి రెండో వైపు కూడా చదివాను.